ఆఖరి రెండు లైన్లు ఎవరివి?

ఆ ఏడాది వానలు మొదలైన వారానికే మా తొమ్మిదో తరగతికి కొత్త టీచర్ వచ్చారు. అంతకుముందున్న మాస్టారు పాత కవితైనా కొత్త కవితైనా ఒక్కలాగే చెప్పేవారు. ముందు కష్టమైన మాటలకు అర్థాలు, తర్వాత సారాంశం, ఆ తర్వాత పరీక్షలో రావచ్చంటూ పెన్సిలు గీత. కవిత అంటే బట్టీ కొట్టేదని మేమందరం నమ్మాం. ఆయన రిటైరైన రోజు పూలగుత్తి ఇచ్చి పంపించి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాం.

కొత్తావిడ గట్టిగా మాట్లాడేవారు కాదు. మాలో ఎవరైనా లేచి రైలు పోతున్నట్టు గడగడా చదివేస్తుంటే, "నిదానం" అనేవారు. అంతే. రెండోనాటికే ఆవిడ మాకు నిదానం టీచర్ అయిపోయారు. ఆ పేరు ఆవిడ చెవినా పడింది. పడ్డా ఏమీ అనలేదు.

మాది ఆడపిల్లల స్కూలు. ఒకనాడు ఆవిడ ఒక కవిత కాగితాలు పంచి, బొద్దుగా ఉంటుందని మేం 'బన్ను' అని పిలిచే పిల్లని చదవమన్నారు. అందులో ఒక అమ్మాయి వీధిలో పరుగెత్తడం మానేస్తుంది. ఎందుకు మానేసిందో ఆమె ఒళ్ళే చెబుతుంది. బన్ను సగం దాకా బాగానే చదివింది. 'రొమ్ములు' అనే మాట దగ్గరకొచ్చేసరికి గొంతు కీచుమంది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇక క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది. బన్ను కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంది.

నిదానం టీచర్ బల్ల అంచున కూర్చుని, మేం నవ్వడం అయిపోయేదాకా చూశారు. ఆవిడ మొహంలో కోపం లేదు, అదే వింత.

"అయిందా? అవకపోతే నవ్వండి, తొందరేం లేదు" అన్నారు. ఎవరికీ ఇక నవ్వు రాలేదు. "సరే, ఇప్పుడు ఎందుకు నవ్వొచ్చిందో ఒక్క ముక్క రాసివ్వండి. పేరు రాయక్కర్లేదు."

చీటీలన్నీ పోగుచేసి ఆవిడే చదివారు, ఒక్కొక్కటీ ఆగి ఆగి. 'మా అన్నయ్య చొక్కా లేకుండా వీధంతా తిరుగుతాడు. నేను కిటికీ దగ్గర నిలబడితే లోపలికి రమ్మంటారు.' 'ఆ మాట మా అమ్మ నోటి వెంట ఎప్పుడూ వినలేదు. డాక్టరు దగ్గర కూడా ఇక్కడ అని చేత్తో చూపిస్తుంది.' 'అందరూ నవ్వారు కాబట్టి నవ్వాను.' చివర్లో ఒకటి: 'నేను నవ్వలేదు. భయమేసింది.'

అది నాది. టీచర్ ఆ చీటీ మడిచి అన్నిటితో పాటు పక్కన పెట్టి, "ఈ కవిత రాసినావిడకి కూడా భయమేసే ఉంటుంది. భయపడుతూనే రాసింది" అన్నారు. ఒక మనిషికి భయమేసి కవిత రాయచ్చన్న సంగతి నాకు ఆ పూటే తెలిసింది.

మా ఇంట్లో మేం ముగ్గురం. నాన్న దూరపు రూట్లలో బస్సు నడిపేవాడు. రోడ్డు మీద హారన్ వాడినంత కూడా ఇంట్లో నోరు వాడేవాడు కాదు. మాట్లాడితే డీజిల్ ఖర్చవుతుందేమో అన్నట్టుండేవాడు. నాన్న చెల్లెలు, మా అత్త, నాకు ఊహ తెలిసేనాటికే మాతో ఉంది. అమ్మ పోయినప్పుడు నాలుగు రోజులు సాయంగా ఉందామని వచ్చి ఉండిపోయిందట. బట్టల ఫ్యాక్టరీలో స్కూలు యూనిఫారాలు కుట్టేది. మా క్లాసులో సగం మంది లంగాలు మా అత్త మిషన్ కిందనుంచి వచ్చినవేనని నాకు గర్వంగా ఉండేది.

చీటీల సంగతి జరిగిన పది రోజులకో ఏమో, ఒక ఆదివారం అత్తకి ఓవర్‌టైమ్ పడింది. నాన్నకి సెలవు. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి, తలుపు గడియ వేసుకుని, ఇక బయటికి రాలేదు.

కాసేపటికి నాన్న తలుపు దగ్గరికొచ్చాడు. "ఏమైంది?"

"ఏం లేదు."

"కడుపు నొప్పా?"

"అత్త ఎప్పుడొస్తుంది?"

"సాయంత్రానికి."

నేనింకేం మాట్లాడలేదు. కాస్సేపాగి నాన్న, "ఓ" అన్నాడు. చెప్పులేసుకున్న చప్పుడూ గొడుగు తెరుచుకున్న చప్పుడూ వినిపించాయి. జోరున వాన కురుస్తోంది. నాకు ఏడుపొచ్చింది. ఏం అర్థం చేసుకున్నాడో, ఎక్కడికి పోయాడో తెలియదు.

తిరిగొచ్చాక తలుపు అవతలనుంచే, "సంచి బయటి గడియకి తగిలించాను. నేను వరండాలో ఉంటా" అన్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "లోపల కాగితం మీద ఎలా వాడాలో బొమ్మలుంటాయట. షాపాయన చెప్పాడు. ఏ రకం కావాలని అడిగితే నాకు తెలియక, ఉన్నవన్నీ ఇమ్మన్నాను."

నిజంగానే ఉన్నవన్నీ తెచ్చాడు. పెద్దవి, చిన్నవి, నీలం ప్యాకెట్లు, గులాబీరంగు ప్యాకెట్లు. వాటి మధ్య ఒక బిస్కెట్ల పొట్లం. నేను బయటికొచ్చేసరికి నాన్న మోకాళ్ళ దాకా తడిసి, స్టవ్ ముందు నిలబడి పాలు కాస్తున్నాడు. గ్లాసు నా చేతికిచ్చి, "బాగానే ఉందా?" అన్నాడు.

"ఉంది నాన్నా."

"సరే" అని పేపరు తీసుకున్నాడు. అది తలకిందులుగా ఉంది. నేను చెప్పలేదు.

సాయంత్రం అత్త ఆ సంచి చూసి, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. "మా అన్నయ్య షాపు మొత్తం మోసుకొచ్చాడే" అంటూ వాటిని అలమరలో సర్దింది. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెలియాల్సినవన్నీ చెప్పింది, మిషన్‌లో దారం ఎక్కించడం నేర్పినంత మామూలుగా. చెప్పడమంతా అయ్యాక, "చిత్రం చూడు. నీకు మొదలైంది, నాకు ఆగిపోతోంది" అంది.

"ఆగిపోవడమేంటత్తా?"

"ఒక వయసొచ్చాక ఆగిపోతుంది. నాకు కాస్త ముందే వచ్చినట్టుంది. మిషన్ ముందు కూర్చుంటే ఉన్నట్టుండి ఒళ్ళంతా పొయ్యిలో పెట్టినట్టు ఉడికిపోతుంది. పక్కావిడ ఫ్యాన్ నావైపు తిప్పుతుంది. మళ్ళీ చల్లబడిపోతా."

"నొప్పా?"

"నొప్పి కాదు." అత్త నా జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. "ఇన్నేళ్ళు నెలనెలా తప్పకుండా వచ్చింది. దేనికోసం వచ్చిందో ఆ పని నాకు పడలేదు. ఇప్పుడు సెలవు తీసుకుంటానంటోంది. సరే వెళ్ళిరా అన్నాను."

ఆమె గొంతులో ఏడుపు లేదు.

వానలు ముదిరాక నిదానం టీచర్ మాకొక పని పెట్టారు. ఇంట్లో ఒక ఆడమనిషిని ఎంచుకోవాలి. కవితలో ఆమే 'నేను' అనాలి.

"మీరు కాదు, ఆమె. మీరు పక్కకి తప్పుకోవాలి. ఊహించి రాసేయొద్దు, కూర్చుని అడగండి. మన ఇంట్లోవాళ్ళ గురించి మనకి అన్నీ తెలుసనుకుంటాం."

వెనక బెంచీ పొడుగమ్మాయి లేచింది. "టీచర్, మా నాయనమ్మని రాస్తే అన్నీ తిట్లే వస్తాయి."

"తిట్లే రాయి. ఏ తిట్టు ఎవరికి దాచి పెట్టిందో చూడు, అదే కవితవుతుంది."

పొడుగమ్మాయి నవ్వుతూ కూర్చుంది కానీ, ఆ వారం చివర ఆమె రాసుకొచ్చిన తిట్లు విని మాలో ఇద్దరు ముగ్గురికి కళ్ళు చెమర్చాయి.

నేను అత్తని అడిగాను. ఆమె నాన్న యూనిఫారం ఇస్త్రీ చేస్తోంది. "నా గురించేముందే రాయడానికి? పొద్దున లేస్తాను, రాత్రి పడుకుంటాను" అంది.

"మధ్యలో?"

"మధ్యలో కుడతాను."

"నీకేం కావాలనిపిస్తుంది?"

అత్త ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడిగినట్టు లేదు. చాలాసేపు కాలరు సర్దుతూ ఉండిపోయింది. తర్వాత, బజారులో కూరగాయల ధర చెబుతున్నట్టు చెప్పింది. సముద్రం పక్క ఊళ్ళో వాళ్ళ ఫ్యాక్టరీ కొత్త యూనిట్ పెడుతోంది. అక్కడ చేరే అమ్మాయిలకి కటింగ్ నేర్పడానికి మనిషి కావాలి. మేనేజర్ అత్తనే అడిగాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ.

"మరి?"

"కుదరదన్నాను."

"నాన్నకి చెప్పావా?"

"కుదరనిదానికి చెప్పడమెందుకు?" మళ్ళీ పెట్టె అందుకుంది. "నేర్పడమంటే నాకిష్టమే. ఇన్నాళ్ళూ కుట్టినవన్నీ ఎవరో ఇచ్చిన కొలతలకే కదా. గుడ్డ నా ముందు పరిచి, ఎక్కడ కోయాలో నేను చెప్పడం... ఎలా ఉంటుందో." అక్కడితో ఆపేసింది. "ఇవన్నీ రాస్తావా ఏంటి?"

"వద్దంటే రాయను."

"రాసుకో. నా పేరు మాత్రం పెట్టకు."

"పేరుండదు. 'నేను' అని ఉంటుంది."

"అయితే అందరూ నువ్వే అనుకుంటారులే" అని నవ్వింది అత్త.

శుక్రవారం చివరి పీరియడ్‌లో నా వంతు వచ్చింది. బయట వానకి గది చీకటిగా ఉంటే లైట్లు వేశారు. ఇది మా అత్త అని చెప్పి, మొదటి రెండు లైన్లూ పరిగెత్తించాను. "నిదానం" అన్నారు టీచర్. మళ్ళీ మొదలుపెట్టాను.

*నేను కుట్టినవన్నీ*
*ఎవరి కొలతలకో.*
*టేపు నా మెడలోనే వేలాడుతుంది*
*దానికి నా కొలత తెలియదు.*

*నెలనెలా నా ఒళ్ళు*
*ఒక గది ఊడ్చి సర్ది పెట్టింది.*
*ఎవరూ రాలేదు.*
*ఇప్పుడు దీపం తీసేసి*
*తలుపు వేస్తోంది.*

*నేను గుమ్మం బయట నిలబడ్డాను,*
*చేతులు ఖాళీగా ఉన్నాయి,*
*దారి పొడుగ్గా ఉంది.*

*అయినా నేనెక్కడికీ వెళ్ళను.*
*నా పిల్ల ఇక్కడుంది.*

ఎవరూ నవ్వలేదు. బన్ను ముక్కు ఎగబీల్చింది. నాకు లోపల గొప్పగానే ఉంది, చప్పట్లు కొడతారేమో అనుకుంటున్నాను.

టీచర్ అన్నారు, "గుమ్మం దాకా మీ అత్తే మాట్లాడారు. నాకు ఆవిడ గొంతు వినిపించింది. ఆఖరి రెండు లైన్లు ఎవరివి?"

నాకర్థం కాలేదు. "అత్తవే టీచర్."

"ఆవిడ అలా అన్నారా?"

కాగితం వైపు చూశాను. అత్త కుదరదంది. 'వెళ్ళను' అనలేదు. 'నా పిల్ల' అని ఎప్పుడూ అనలేదు. ఆ మాట ఆమె అంటే వినాలని నాకుండేది, చిన్నప్పటినుంచీ.

"కాదు టీచర్. నావి."

"మంచి లైన్లే. నీ కవితలో పెట్టుకో" అన్నారు, మెల్లగా. "ఆవిడ కవితకి ఆవిడనే అడుగు."

ఇంతే జరిగింది. బెల్లు కొట్టారు, అందరూ గొడుగులు వెతుక్కున్నారు. ఇంటికి పోతూ దారంతా ఆలోచించాను. అత్త వెళ్ళిపోతే పొద్దున్నే నన్నెవరు లేపుతారు, ఒంట్లో బాగాలేకపోతే ఎవరితో చెప్పుకోవాలి, వాన రాత్రి నాన్న బస్సు ఆలస్యమైతే ఎవరి పక్కన పడుకోవాలి. కానీ ఎంత ఆలోచించినా ఆ రెండు లైన్లు అత్తవి మాత్రం కాలేదు. ఇంటి గుమ్మం చేరేలోపు వాటిని కొట్టేశాను.

ఆ సాయంత్రం నాన్న తొందరగా వచ్చాడు. వరండాలో కూర్చుని తడిసిన బూట్లు తుడుచుకుంటున్నాడు. అత్త గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను కాగితం తీసి, "నేను రాసిన కవిత చదవనా?" అన్నాను.

"చదువు" అన్నాడు నాన్న, బూటు మీదనుంచి చూపు తియ్యకుండా.

నెలనెలా అన్న దగ్గర ఆపేద్దామనుకున్నాను. అత్త వైపు చూస్తే, ఆమె చేతులు బియ్యంలో కదలకుండా ఉన్నాయి. కానీ వద్దనలేదు. అందుకని చదివాను, నిదానంగా, దారి పొడుగ్గా ఉంది అన్న దాకా.

నాన్న గుడ్డ పక్కన పెట్టాడు. "అయిపోయిందా?"

"లేదు నాన్నా. చివరిది అత్త చెప్పాలి."

"దేని గురించి?"

అప్పుడు చెప్పాను, కొత్త యూనిట్ సంగతి, మేనేజర్ మళ్ళీ మళ్ళీ అడిగిన సంగతి. అత్త, "దీనికి నోరాగదు కదా" అని లేచి, చేట పట్టుకుని లోపలికెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు ఎక్కువైంది. నాన్న ఆ రెండో బూటు ఎంతసేపు తుడిచాడో.

తెల్లారి నాన్న డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగాడు. అత్త డబ్బా చేతికిచ్చింది.

"ఆ ఊరికి పొద్దున్నే ఒక బస్సుంది. నడిపేవాడు మావాడే. ముందు సీటు ఉంచమని చెప్పనా?" అన్నాడు నాన్న.

అత్త తలెత్తి అన్నయ్య వైపు చూసింది. "పిల్లనెవరు చూస్తారు?"

"నేను చూస్తా. నన్ను అది చూస్తుంది."

"నీకు వంట రాదన్నయ్యా."

"బస్సు కూడా పుట్టగానే రాలేదు." డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. మెట్టు దిగి, వెనక్కి తిరక్కుండా అన్నాడు, "నేనడగాల్సింది చెల్లాయ్. ఇన్నాళ్ళూ నాకు తోచనే లేదు."

అత్త తలుపు వేసి, దానికి ఆనుకుని నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. నన్ను చూసి, "వెళ్ళనా?" అంది. మా అత్త నన్ను అనుమతి అడగడం అదే మొదలు.

"వెళ్ళత్తా" అన్నాను. అన్నాక ఇద్దరం బాగా ఏడ్చాం. స్కూలుకి ఆలస్యమైంది.

అత్త వెళ్ళాక మా ఇంట్లో అన్నం కొన్నాళ్ళు జావగానూ, కొన్నాళ్ళు రాళ్ళగానూ ఉడికింది. నాన్న సెలవు పూట స్టవ్ ముందు నిలబడి, ఘాట్ రోడ్డు మీద మలుపు తిప్పుతున్నంత శ్రద్ధగా గరిటె తిప్పేవాడు. రాత్రుళ్ళు నాతో మాట్లాడడం కూడా నేర్చుకున్నాడు. మొదట్లో ఏ ఊళ్ళో ఎంత వాన పడిందో చెప్పేవాడు, తర్వాత్తర్వాత అమ్మ గురించి కూడా చెప్పాడు. ఆమెకి ఈల వేయడం వచ్చట. నాకది ఎవరూ చెప్పలేదు.

టీచర్ ఒకరోజు వరండాలో ఆపి, "మీ అత్తగారేమన్నారు?" అని అడిగారు.

"వెళ్ళింది టీచర్."

"నువ్వేం చేస్తున్నావు?"

"అన్నం మాడుస్తున్నాను."

ఆవిడ గట్టిగా నవ్వడం అప్పుడే విన్నాను. "అది రాయి" అన్నారు. రాశాను. ఆ తర్వాత కూడా రాస్తూనే ఉన్నాను. భయమేసినప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు, నా గొంతు నాకే కొత్తగా వినిపించినప్పుడు. ఈనాటికీ ఏదైనా రాసి చివరికొచ్చేసరికి, ఇది ఎవరిది అని నన్ను నేనే ఒకసారి అడుగుతాను. అడగడం ఆవిడ నేర్పారు. ఆ సంవత్సరం చివర బదిలీ అయి వెళ్ళిపోయారు. ఎక్కడున్నా ఆవిడకి నా దణ్ణాలు.

ఆ ఏడాదే వానలు వెనకపట్టాక నాన్న ఒకరోజు ఆ రూట్ డ్యూటీ అడిగి వేయించుకుని, నన్ను బస్సులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. యూనిట్ రేకుల షెడ్డు, ఇంకా కొత్త రంగు వాసన. మేం వెళ్ళేసరికి అత్త పెద్ద బల్ల మీద నీలంగుడ్డ పరిచి, చేతిలో సుద్దముక్కతో నిలబడి ఉంది. చుట్టూ నాకంటే నాలుగైదేళ్ళు పెద్దమ్మాయిలు.

"కత్తెర పట్టుకున్నాక చెయ్యి వణకకూడదు. కోసింది అతకదు. అందుకని ముందే చూసుకోండి, కోసేటప్పుడు ఆలోచించకండి" అంటోంది. గొంతు షెడ్డంతా వినిపిస్తోంది. ఇంట్లో ఆమె అంత గట్టిగా మాట్లాడగా వినలేదు. ఎవరో ఏదో అన్నారు, అత్త తల వెనక్కి వాల్చి నవ్వింది. పిలవబోయిన నాన్న నోరు మూసుకున్నాడు. ఇద్దరం తలుపు దగ్గరే నిలబడి, ఆమె మమ్మల్ని చూసేదాకా చూస్తూ ఉండిపోయాం.

చూశాక నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. నా చొక్కాకి సుద్ద అంటింది. "మేడమ్, మీ అమ్మాయా?" అని ఒకమ్మాయి అడిగింది.

"మా అన్నయ్య కూతురు" అంది అత్త. ఆ మాట నాకు అసలు చేదుగా అనిపించలేదు. నా భుజం మీద ఉన్న చెయ్యి కూడా తియ్యలేదు. "కవితలు రాస్తుంది" అంది తర్వాత, వాళ్ళందరికీ వినపడేలా.

మధ్యాహ్నం తన గదిలో వండి పెట్టింది. నాన్న రెండోసారి వడ్డించుకుని, ఎలా చేశావు, ఏది ముందు వేశావు అని అడిగి తెలుసుకున్నాడు. వచ్చేటప్పుడు అత్త బస్టాండు దాకా వచ్చింది, బస్సు కదిలాక చెయ్యి ఊపి, ఇంకా మలుపు తిరగకముందే గబగబా వెనక్కి నడిచింది. సాయంత్రం బ్యాచ్ ఉందట.

నేను డ్రైవరు సీటు వెనక కూర్చున్నాను. ఊరు దాటాం, పొలాలు దాటాం.

"అత్త లావెక్కింది కదూ?" అన్నాడు నాన్న.

"ఎక్కింది నాన్నా."

అద్దంలో నా వైపు చూసి తలూపాడు. "మంచిది" అని గేరు మార్చాడు.